గురుత్వాకర్షణ పుట్టేది క్వార్కుల దగ్గరేనా?

ప్రశ్న
కణాలకు ద్రవ్యరాశి విశ్వమంతా నిండి ఉండే హిగ్స్ క్షేత్రం వల్ల వస్తుందని చదివాను. ద్రవ్యరాశి ఉన్నచోట గురుత్వం ఉంటుంది కదా. అలాంటప్పుడు గురుత్వం ప్రోటాన్ల లోపలుండే క్వార్కులనే చిన్న కణాల దగ్గరే పుడుతోందని అనుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు – ఫిజిక్స్_లెక్చరర్
మంచి ప్రశ్న అండీ. నా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు నేను నేరుగా ప్రోటాన్ దగ్గరికి వెళ్తాను. దాని ద్రవ్యరాశిని శక్తి కొలమానంలో చెబితే 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. లోపలి మూడు క్వార్కులకు హిగ్స్ ఇచ్చినదంతా కూడినా 9 దాకానే వస్తుంది, అంటే నూటికి ఒక వంతు! మిగతాదంతా క్వార్కుల పరుగులో, వాటిని విడిపోనివ్వని గ్లూవాన్ క్షేత్రంలో ఉన్న శక్తే. మన ఒంటి బరువు కూడా దాదాపుగా అదే.

ఐన్‌స్టీన్ 1915 సమీకరణాల ప్రకారం స్థలకాలాన్ని (స్థలం, కాలం కలిసిన అల్లికను) వంచేది, అంటే గురుత్వాన్ని కలిగించేది, ద్రవ్యరాశి ఒక్కటే కాదు. శక్తి, ద్రవ్యవేగం, పీడనం కూడా వంచుతాయి. కాబట్టి క్వార్కుల గందరగోళం గురుత్వానికి ఆధారమే. కానీ శక్తి ఉంటే స్థలకాలం ఎందుకు వంగాలి? దానికి జవాబు ప్రోటాన్‌లో దొరకదు.

ప్రశ్న అడిగినవారు
థాంక్స్ సర్. మరి ఆ వంపు కూడా కణాల ప్రవర్తన నుంచే వచ్చిందని ఎవరూ అనలేదా?

జవాబు – ఫిజిక్స్_లెక్చరర్
అన్నారు. 1967లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్ ఆ మాటే అన్నాడు. శూన్యం నిజంగా ఖాళీ కాదు, అందులో క్వాంటం క్షేత్రాలు ఎప్పుడూ అల్లాడుతూనే ఉంటాయి. స్థలకాలం వంగితే ఆ అలజడి శక్తి మారుతుంది. వంగకుండా స్థలకాలం చూపే బిగువే మనకు గురుత్వంగా కనిపిస్తోందని ఆయన ఆలోచన. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే. 1995లో జాకబ్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉష్ణగతిక శాస్త్రం (వేడి, శక్తి మార్పుల శాస్త్రం) వైపు నుంచి వచ్చి ఐన్‌స్టీన్ సమీకరణాలనే రాబట్టాడు. అయితే మామూలు కణాలు కలిసి గ్రావిటాన్‌గా (గురుత్వాన్ని మోస్తుందని ఊహించే కణంగా) ఏర్పడతాయనే సిద్ధాంతాల్లో చాలావాటికి 1980 నాటి వైన్‌బర్గ్, విటెన్‌ల గణిత నిరూపణ అడ్డు నిలిచింది.

జవాబు – ల్యాబ్_మనిషి
ప్రయోగం సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక్కొక్కటీ ఒకేసారి రెండు చోట్ల ఉండేలా రెండు సూక్ష్మ వజ్రపు రేణువులను పక్కపక్కన ఉంచి, కేవలం గురుత్వం వాటి క్వాంటం స్థితులను విడివిడిగా చెప్పలేనట్టు ముడివేస్తుందేమో చూడాలని 2017లో ప్రతిపాదించారు. ముడిపడితే గురుత్వానికీ క్వాంటం స్వభావం ఉన్నట్టే. కష్టమల్లా గురుత్వం బలహీనతే. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ గురుత్వం కన్నా 10^36 రెట్లు ఎక్కువ. 2021లో వియన్నాలో సుమారు 90 మిల్లీగ్రాముల బంగారు గుళ్ల మధ్య గురుత్వాన్ని కొలిచారు. ఆ వజ్రపు రేణువులు వాటికన్నా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు తేలిక.