విమానానికి మఫ్లరేంటిరా?

అందరికీ నమస్కారం. ఒక మాట కోసం వెతుకుతున్నాను. ముందు ఇంట్లో జరిగిన కథ చెప్పాలి.

మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. అక్కడ సొంతంగా విమానం కట్టుకుని ఎగరొచ్చు, పనిలో సగానికి పైగా తమ చేతుల మీద జరగాలని మాత్రం రూలు. మూడేళ్లుగా కారు బయట పెట్టి, గరాజులో రెండు సీట్ల విమానం కడుతున్నాడు. ఇంజను పాత మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారులోది, రోటరీ ఇంజను. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్న "ఏరా, ఇప్పుడేం పని నడుస్తోంది?" అంటే "మఫ్లర్ చేస్తున్నా నాన్నా, ఇది మూడోది, మొదటి రెండూ కాలిపోయాయి" అన్నాడు. నాన్న కాసేపు ఆలోచించి "విమానానికి మఫ్లరేంటిరా, అంత చలా అక్కడ?" అన్నారు. వెనక నుంచి అమ్మ "ఉన్ని బట్టలు నిప్పు దగ్గర పెట్టకురా" అంది.

నవ్వు ఆగాక ఆలోచనలో పడ్డాను. మనకి మఫ్లర్ అంటే డిసెంబర్లో తాతయ్యలు చెవులకి చుట్టుకునేది. అమెరికా వాళ్ల మఫ్లర్‌ని మనం బ్రిటిష్ వాళ్లలాగే సైలెన్సర్ అంటాం. ఆ మాట చెబితే నాన్నకి వెంటనే అర్థమైంది. అన్నయ్యే ఒప్పుకోలేదు. "సైలెన్స్ ఎక్కడ నాన్నా, పక్కింటివాళ్లు పోలీసులకి ఫోన్ చెయ్యకుండా ఉంటే అదే పదివేలు" అన్నాడు. మరి తెలుగులో ఏమనాలి?

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒకరు:
ఏమీ అనక్కర్లేదమ్మా, సైలెన్సరే. మా షెడ్డులో డబ్బా ఒక్కటే కాదు, పొగగొట్టం మొత్తాన్నీ అలాగే అంటాం. ఈ కాలం కుర్రాళ్లు వచ్చి "బాబాయ్, సౌండ్ వచ్చే సైలెన్సర్ వెయ్యి" అని అడుగుతారు. పోలీసులు అలాంటివి పోగేసి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మాట ఒకసారి జనం నోట్లో పడ్డాక దాని అర్థం ఎవడు పట్టించుకుంటాడు? అది సరే గానీ, రెండు కాలిపోవడమేంటి? లోపల గ్లాస్ వుల్ కూరాడా?

పోస్టు పెట్టిన నేను:
కూరాడు బాబాయ్. చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు ఉన్ని, పైన రేకు. రోటరీ ఇంజను పొగ వేడి దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ ఉంటుందట, మామూలు పిస్టన్ ఇంజను కన్నా ఎక్కువ. ఆ వేడికి ఉన్ని మెత్తబడి, పొగ ధాటికి ముక్కలు ముక్కలుగా ఎగిరిపోయింది. తర్వాత రేకు పొట్టు రాలింది.

చప్పుడు కూడా మామూలు చప్పుడు కాదు. పిస్టన్ ఇంజనులో వాల్వు మెల్లగా లేస్తుంది, పొగ మొదట సన్నగా జారుకుంటుంది. రోటరీకి వాల్వులే లేవు. తిరిగే రోటరు మూల పొగదారిని దాటగానే ఆ దారి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. సోడా మూత మెల్లగా తిప్పడానికీ, గోలీసోడా గోలీని వేలితో ఒక్క నొక్కు నొక్కడానికీ ఉన్న తేడా అన్నమాట.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
రోటరు అంటున్నారు, అది లోపల ఎలా తిరుగుతుందమ్మా?

నేను:
రుబ్బురోలు గుర్తు తెచ్చుకోండి మాస్టారూ. పొత్రం ఉన్నచోటే గిర్రున తిరగదు, రోలు గోడని రాసుకుంటూ చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ పొత్రానికి మూడు మూలలు, రోలు లోపలి ఆకారం కొంచెం నడుము నొక్కిన కోడిగుడ్డులా ఉంటుంది. మూలలు మూడూ ఎప్పుడూ గోడని అంటుకునే ఉంటాయి. పొత్రం ఒక చుట్టు తిరిగేసరికి మధ్యలో ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. ఇరుసు ఒక చుట్టుకి ఒక్కో రోటరు నుంచి ఒక పేలుడు. అన్నయ్య ఇంజనుకి రోటర్లు రెండు.

మాస్టారు:
అయితే ఇంకేం, రోలు అన్న మాట విభక్తి చేరేటప్పుడు 'రోటి' అవుతుంది, వ్యాకరణంలో దాన్ని ఔపవిభక్తికం అంటారు. రోటి పచ్చడిలాగా రోటి ఇంజను! రోటరీ అన్న మాటని మనం అరువు తెచ్చుకోనే అక్కర్లేదు.

మాజీ ఎయిర్‌ఫోర్స్ టెక్నీషియన్ ఒకరు:
మాస్టారూ, జాగ్రత్త. విమానాల వాళ్ల ముందు రోటరీ అంటే పాతవాళ్లకి ఇంకొకటి గుర్తొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్నోమ్, లె రోన్ ఇంజన్లని కూడా రోటరీ అనేవారు. వాటిలో ఇరుసు కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతాయి. వాటికి వాడిన నూనె ఏమిటో తెలుసా? ఆముదం. సగం కాలీకాలని ఆముదం తుంపర్లు పైలట్ మొహాన పడేవి, కొంత కడుపులోకీ పోయేది. 'ఆముదం తాగిన మొహం' అన్న మాట వాళ్ల విషయంలో అక్షరాలా నిజం.

ఇంకో సంగతి. నాన్నగారి మాటకి ఊరికే నవ్వకండి. చాలా చిన్న విమానాల్లో లోపల కూర్చున్నవాళ్లకి వెచ్చదనం వచ్చేది మఫ్లర్ నుంచే. దాని చుట్టూ రేకు తొడుగు వేసి, అక్కడ వేడెక్కిన గాలిని లోపలికి పంపుతారు. కాబట్టి విమానం మఫ్లర్ చలికే! అందులోనే ప్రమాదమూ ఉంది. మఫ్లర్ పగిలితే ఆ గాలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. లోపలి అడ్డు రేకులు విరిగి బయటి దారికి అడ్డం పడితే గాల్లో ఉండగానే ఇంజను నీరసిస్తుంది. మొదటి రెండు మఫ్లర్లూ నేలమీదే కాలిపోవడం మీ అన్నయ్య అదృష్టం.

మాస్టారు:
ఇక అసలు ప్రశ్నకి వస్తాను. పాఠ్యపుస్తకం భాషలో అయితే 'ధ్వని నిరోధకం' అంటారు. నాకు నచ్చదు. నిరోధకం అంటే అన్నిటినీ అడ్డుకునేదిలా వినిపిస్తుంది, ఇక్కడేమో పొగని పోనివ్వాలి, చప్పుడునే ఆపాలి.

మనకి మంచి మాట ఒకటుంది. శబ్దానికి తద్భవం సద్దు. 'సద్దు చెయ్యకు' అని పిల్లల్ని అంటాం, 'గొడవ సద్దుమణిగింది' అంటాం. అయితే మణగడం చప్పుడు తనంతట తాను చేసే పని. పరికరానికి పేరు పెట్టాలంటే చేయించే క్రియ కావాలి. అణగు–అణచు జంట ఉంది కాబట్టి 'సద్దణపు' అనొచ్చు. ఏమంటారు?

ఆటోనగర్:
సద్దణపు ఉందా అని అడిగితే మా కుర్రాడు ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టుకి పంపుతాడు మాస్టారూ.

నేను:
మాస్టారూ, మాట బాగుంది. కానీ 'అణచు' దగ్గర నాకో చిక్కుంది, అది అన్నయ్య మూడో మఫ్లర్ చూస్తేనే తెలిసింది.

గాజు ఉన్ని చేసేది అణచడమే. చప్పుడు అందులోకి దూరి, పోగుల మధ్య నలిగి, వేడిగా మారి చస్తుంది. ఇంగ్లీషులో మఫుల్ చెయ్యడమన్నా మొదట గుడ్డ చుట్టడమే కదా. అంటే మొదటి రెండూ నాన్న అనుకున్నట్టు నిజంగానే ఉన్ని మఫ్లర్లు. అమ్మ ఇచ్చిన సలహా కూడా ఇంజనీరింగ్ సలహాయే!

మూడోదాన్లో ఉన్ని లేదు. వేడికి తట్టుకునే స్టెయిన్‌లెస్ రేకుతో చేసిన ఖాళీ గదులూ, గొట్టాలూ, అంతే. చప్పుడు ఒక అల. పక్కదారి గొట్టంలోకి పోయి, మూసిన చివర తగిలి వెనక్కొచ్చేసరికి, తర్వాతి అల పొంగు మీద దీని లోతు పడేలా కొలత చూసుకోవాలి. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇక్కడ చప్పుడుని ఎవరూ అణచడం లేదు, అదే మణుగుతోంది. మీరు వద్దన్న క్రియే ఇక్కడ సరైనదని నా అభిప్రాయం.

కొలత సంగతి కూడా చెప్తాను, నాకు సరదాగా అనిపించింది. ఇరుసు నిమిషానికి 6000 చుట్లు తిరిగితే, రెండు రోటర్లకి కలిపి సెకనుకి 200 పేలుళ్లు. 900 డిగ్రీల పొగలో శబ్దం సెకనుకి సుమారు 670 మీటర్లు పోతుంది, మన చుట్టూ ఉన్న గాలిలో కన్నా దాదాపు రెట్టింపు. అంటే అల పొడవు 3.35 మీటర్లు. పక్కదారి గొట్టం అందులో పావు వంతు ఉండాలి, 84 సెంటీమీటర్లు. విమానం ముక్కు కింద అంత గొట్టానికి చోటేది? అందుకే గదులు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, ఆ గది కూడా తన స్వరాన్నే పట్టుకుంటుంది. కారులో అయితే ఇంజను వేగం క్షణానికోలా మారి కొలత తప్పుతుంది. విమానం పైకెళ్లాక గంటల తరబడి ఒకే వేగం, అది కలిసొచ్చింది.

మాస్టారు:
ఓడిపోయాను తల్లీ, సంతోషంగా. అయితే పేరు 'సద్దుమణుగు గొట్టం' అనాలేమో. మరీ పొడుగైంది.

టెక్నీషియన్:
పేరుకి సైలెన్సరే ఉంచండి. అది ఏం చేస్తుందని అడిగితే మాత్రం సద్దుమణిగేలా చేస్తుందనండి. చప్పుడు ఎంత తగ్గిందని అడిగితే మాత్రం 'సగం' అనకండి. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తిలో సగం పోయినట్టు, కానీ చెవికి సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. ఏ సగం అన్నది తేల్చకపోతే ఇక్కడ ఇంకో వంద కామెంట్లు పడతాయి.

ఆటోనగర్:
ఆ రేకు ఏ గేజు, వెల్డింగ్ ఎవరు చేశారో కనుక్కో అమ్మా. అతుకుల దగ్గరే పగులుతుంది అది.

నేను:
వెల్డింగ్ తనే చేశాడు బాబాయ్, గేజు అడిగి చెప్తాను. నిన్న రాత్రి గరాజు ముందు ఇంజను ఆన్ చేసి ఫోన్లో వినిపించాడు. నాన్న ఈ చర్చంతా చదివారు లెండి, అందుకే "ఏరా, సద్దుమణిగిందా?" అని అడిగారు.

"ఇంజనుది మణిగింది నాన్నా. ఇన్నాళ్లూ దాని చాటున దాక్కున్న ప్రొపెల్లర్ గోల ఇప్పుడు బయటపడింది" అన్నాడు.