నాన్న చూసిన అడంగల్

లెక్కల మాస్టారు:
గత నెల నాన్నగారికి ఆసుపత్రి వరండాలోనే గుండె ఆగింది. ఛాతీ మీద నొక్కి, రెండుసార్లు షాక్ ఇచ్చి బతికించారు. పక్కటెముకలు రెండు విరిగాయి. మూడో రోజు గొంతులో గొట్టం తీయగానే మంచినీళ్లయినా అడగకుండా, "పక్కవీధివాడు బాగున్నాడా?" అన్నారు. ఆయనదీ నాన్నదీ ఒకే పేరు, ఇంటిపేర్లే వేరు.

నాన్నను ఇద్దరు వచ్చి తీసుకువెళ్లారట. బల్ల ముందు ఒకాయన అడంగల్ తిరగేసి, "పేరు సరే, ఇంటిపేరు ఇది కాదు, దింపి రండి" అన్నాడట. నాన్న వీఆర్ఓగా రిటైరయ్యారు. పుస్తకం అట్ట ఊడిపోతే పురికొసతో కట్టి ఉందని, తానైతే రికార్డు అలా ఉంచేవాడిని కాదని కూడా అంటున్నారు!

యమభటుల మాట నేను నమ్మను. కానీ ఆగిన గుండెతో మెదడు ఇంత కథ ఎలా అల్లింది?

మత్తు డాక్టరు:
గుండె ఆగిన పది, ఇరవై సెకన్లలో మెదడులోని విద్యుత్తును చూపే ఈఈజీ గీత దాదాపు చదునవుతుంది. అయితే ఛాతీ నొక్కుతున్నంతసేపూ మెదడుకు కొంత రక్తం అందుతూనే ఉంటుంది. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జిమో బోర్జిగిన్ బృందం 9 ఎలుకల మీద ప్రయోగం చేసింది. గుండె ఆగాక మొదటి 30 సెకన్లలో మెదడులో గామా తరంగాలు, అంటే వేగంగా కొట్టుకునే విద్యుత్ తరంగాలు, ఎగసిపడ్డాయి. 2023లో, ప్రాణం పోతున్న నలుగురు రోగులలో ఇద్దరిలో ఇలాంటిదే కనిపించింది. ఆ ఇద్దరూ బతకలేదు, ఏం చూశారో చెప్పలేదు. చిక్కంతా అక్కడే.

నా అనుమానం వేరు. ఆ మూడు రోజులూ మీ నాన్నగారు మత్తులోనే ఉన్నారు కదా? కేస్ షీట్‌లో కెటమిన్ అనే మత్తుమందు ఉందేమో చూడండి. దానితో ఒంట్లోంచి బయటపడ్డట్టు అనిపించడం మామూలే. ఐసీయూలో వచ్చే డెలిరియం, అంటే మతి తడబడి లేనివి కనిపించే స్థితి, కూడా కావచ్చు. గుండె ఆగిన ఆ కాసేపట్లోనే చూశారని ఎలా చెప్పగలం?

అమ్మమ్మ మనవరాలు:
డాక్టరుగారూ, మందుల సంగతి సరే, కథ సంగతి? బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికాలో పనిచేసిన మనోవైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ కలిసి 1986లో, మన దేశంలో చావు అంచుదాకా వెళ్లి వచ్చినవారి 16 అనుభవాలు ప్రచురించారు. భటులు, పుస్తకం, పొరపాటు, వాపసు! పాశ్చాత్యులు తరచుగా చెప్పే సొరంగం వాటిలో లేదు. మా అమ్మమ్మా ఇలాంటి కథే చెప్పేది. చిన్నప్పుడు విన్నదే మెదడు అందుకుంటుందని నాకనిపిస్తుంది. అడంగల్ మాత్రం మీ నాన్నగారి సొంత సొమ్ము.

లెక్కల మాస్టారు:
కెటమిన్ లేదు. మిడజోలం అనే మత్తుమందు, ఫెంటానిల్ అనే నొప్పిమందు రాశారు.

మొన్న పక్కవీధాయన కొబ్బరిబోండాలు పట్టుకుని చూడటానికి వచ్చారు. ఈసీజీ తీయించుకునేదాకా మళ్లీ మా గడప తొక్కవద్దన్నారు నాన్న. ఆయన నవ్వేశారు. నాకే నిద్ర పట్టక, నిన్న ఆయన్ని బండి మీద తీసుకువెళ్లాను. గుండె బాగానే ఉందట. ఆ కాగితం ఇప్పుడు నాన్న దిండు కింద ఉంది.