అప్‌డేట్: కేసీ మూర్ సినిమాలు ఏ వరుసలో చూడాలి

అమెరికన్ ఇండిపెండెంట్ నటి కేసీ మూర్ ఏయే సినిమాల్లో చేశారు, ఏది ముందు చూడాలి అని అడిగాను కదా. మీ జవాబులన్నీ సరిచూశాక తేలింది ఇదీ.

‘కిల్లర్ ఆఫ్ షీప్’తో మొదలుపెట్టండి. చార్లెస్ బర్నెట్ యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ)లో థీసిస్‌గా తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. పాత్ర పేరుతో వెతికితే దొరకదు, ఆమె పాత్రకు పేరే లేదు. కథానాయకుడు స్టాన్ భార్య, అంతే. కొన్నిచోట్ల 1977, కొన్నిచోట్ల 1978 అని ఉంటుంది, రెండూ ఒకటే. పాటల హక్కులు తేలక 2007 దాకా థియేటర్లలో సరైన విడుదలే లేదు. డైనా వాషింగ్టన్ పాటకి భర్తతో డ్యాన్స్ చేసే సీన్ వదలకండి: అతను విడిపించుకుని వెళ్లిపోతాడు, ఆమె కిటికీ దగ్గర ఒక్కతే మిగిలిపోతుంది.

తర్వాత బిల్లీ వుడ్‌బెర్రీ తీసిన ‘బ్లెస్ దెయిర్ లిటిల్ హార్ట్స్’ (1984). నా లెక్కలో ఆమె నటనకు శిఖరం ఇదే. వంటింట్లో భర్తతో గొడవ దాదాపు పది నిమిషాలు, కట్ లేకుండా ఒకే షాట్! మాటలు నటులు అప్పటికప్పుడు అల్లుకున్నవే. మాట మీద మాట పడుతుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

జూలీ డాష్ ‘డాటర్స్ ఆఫ్ ది డస్ట్’ (1991) ఆ తర్వాతే. 1902 నాటి కథ, గల్లా యాస (అమెరికా ఆగ్నేయ తీర దీవుల్లోని ఆఫ్రికన్ సంతతి వాళ్ల మాట), ఇక్కడా సబ్‌టైటిల్స్ కావాలి. కుటుంబంలో పెద్దావిడ ‘నానా’ పాటించే పాత ఆచారాలను ఈసడించుకునే హాగర్‌గా చేశారు. కెవిన్ విల్‌మాట్ ‘నైన్త్ స్ట్రీట్’ (1999) చివర్లో చూసినా ఫర్వాలేదు.