పత్రాలు చూపకముందే బయానా అడుగుతున్న మధ్యవర్తి: ఇవ్వవచ్చునా?

ప్రశ్న (మియాపూర్ అద్దెవాసి):

మియాపూర్‌లో సుమారు పదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఫ్లాటును 72 లక్షల రూపాయలకు కొనాలనుకుంటున్నాము. మూడు వారాలుగా నిజాంపేట, బాచుపల్లి, చందానగర్ అంతా ఓపికగా తిప్పి చూపించిన మధ్యవర్తి, ఇప్పుడు 2 లక్షలు నగదుగా తన చేతికిస్తే గాని పత్రాల నకళ్లు ఇవ్వలేనని, ఆలస్యమైతే వేరే పార్టీ సిద్ధంగా ఉన్నదని అంటున్నారు. ఓనరు బెంగళూరులో ఉంటారు. ఆయనకు ఫ్లాటుపై బ్యాంకు అప్పు ఇంకా ఉన్నది. మధ్యవర్తిని రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు అడిగితే పాత ఫ్లాట్లకు అది అక్కరలేదన్నారు. కమీషన్ 1 శాతం. ఆయన మాట నమ్మదగినదేనా?

జవాబు 1 (గృహరుణాల పత్రాలు పరిశీలించే న్యాయవాది):

నగదుగా ఇవ్వకండి. స్థిరాస్తి అమ్మకానికి బయానాగా 20 వేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. తీసుకున్నవారిపై అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఈ మాట ఓనరుకు నేరుగా చెప్పి చూడండి, నగదు కోరికలో సగం అక్కడే తగ్గిపోతుంది. ఇచ్చేది ఎంతైనా ఓనరు ఖాతాకే పంపి, హక్కు పత్రాలలో లోపం తేలినా, బ్యాంకు రుణం మంజూరు కాకపోయినా ఇన్ని రోజులలో తిరిగి చెల్లిస్తానని ఆయన సంతకంతో రాయించుకోండి.

పత్రాల విషయానికి వస్తే, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి ఊరట చెందేవారే ఎక్కువ. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం గాని, తెల్లకాగితంపై మరొకరితో చేసుకున్న ఒప్పందం గాని అందులో కనబడవు. పైగా ఫ్లాటు నంబరుతో మాత్రమే తీసిన ఈసీ సరిపోదు, భవనం లేచిన స్థలపు సర్వే నంబరుపైనా తీసి లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులతో, సరిచూడాలి. 1983 నుంచి వివరాలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. హైదరాబాదులో మరొక మెలిక ఉన్నది. నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డరు 10 శాతం నిర్మాణ భాగాన్ని పురపాలక సంస్థకు తనఖా పెడతారు, ఓసీ (భవనంలో నివసించవచ్చునని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాటు ఆ భాగంలో ఉండిందా, ఓసీ ఉన్నదా అన్నది తప్పక తేల్చుకోండి.

జవాబు 2 (పద్దెనిమిదేళ్లుగా ఈ వృత్తిలో ఉన్న మధ్యవర్తి):

నగదు అడగడాన్ని నేను సమర్థించను, కానీ పత్రాలు దాచడం వెనుక మా భయమొకటి ఉన్నది. నకళ్లు చేతికి అందగానే ఓనరును నేరుగా కలిసి మమ్మల్ని పక్కకు నెట్టినవారిని ఎందరినో చూశాను. కమీషన్ ఎంతో, అందులో సగం అగ్రిమెంటు నాడు, మిగతాది రిజిస్ట్రేషన్ నాడు ఇస్తామని ఒక పేజీ రాసి సంతకం చేసి ఇవ్వండి. పత్రాలు ఆ సాయంత్రమే వచ్చే అవకాశం ఉన్నది. అప్పటికీ రాకపోతే ఆయన దగ్గర ఆ పత్రాలు లేవనే అనుకోవాలి.

రెరా గురించి ఆయన చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. 2016 నాటి చట్టం నమోదు చేయవలసిన ప్రాజెక్టులలో అమ్మకాలు చేయించే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. వ్యక్తి నుంచి వ్యక్తి కొనే పాత ఫ్లాటుకు అది సూటిగా వర్తించదు. అయినా నంబరు ఉన్న ఏజెంటు దానిని గర్వంగానే చూపిస్తాడు.

జవాబు 3 (అప్పు ఉన్న ఫ్లాటు కొన్నవారు):

మా ఓనరుకూ అప్పు ఉండేది. ఆయన బ్యాంకు నుంచి బాకీ మొత్తమెంతో తెలిపే లేఖ, వారి వద్ద ఉన్న అసలు పత్రాల జాబితా తెప్పించుకున్నాము. మా బ్యాంకు ఆ బాకీని నేరుగా వారి బ్యాంకుకే చెల్లించింది, మిగిలినదే ఓనరుకు వెళ్లింది. అసలు పత్రాలు చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, కనుక అగ్రిమెంటులో గడువు ఉదారంగా పెట్టుకోండి.

ఖర్చులు కూడా ముందే లెక్కవేయండి. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మీ ధరపై 5 లక్షల 40 వేలు. ధర 50 లక్షలు దాటింది కనుక 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి కట్టే పన్ను), అంటే 72 వేలు, మీరే మినహాయించి ఓనరు పాన్‌పై కట్టాలి. మా మధ్యవర్తి ఈ సంగతి చివరి రోజు దాకా చెప్పలేదు. సొసైటీ బకాయి లేదన్న లేఖ కూడా అడగండి. మేము అడగక రెండేళ్ల మెయింటెనెన్సు మా నెత్తిన వేసుకున్నాము.

ప్రశ్నించినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కమీషన్ లేఖ రాసి ఇవ్వగానే లింకు డాక్యుమెంట్లు, ఈసీ వచ్చాయి. ఓసీ మాత్రం బిల్డరు దగ్గర ఉన్నదని అంటున్నారు. అది కంట పడేవరకు బయానా పంపబోమని ఓనరుకు ఫోనులో చెప్పాము, ఆయన ఒప్పుకున్నారు. ఆ వేరే పార్టీ సంగతి మధ్యవర్తి మళ్లీ ఎత్తలేదు.