చేజ్‌ను లింకన్ అంతగా ఎందుకు భరించాడు?

అమెరికా అంతర్యుద్ధం గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

1860లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం తనతో పోటీపడ్డ సీవార్డ్, చేజ్, బేట్స్ ముగ్గురినీ లింకన్ కేబినెట్‌లోకి తీసుకున్నాడు. విదేశాంగ మంత్రి సీవార్డ్ సంగతి సరే, మొదట్లో పెత్తనం చేయబోయినా తర్వాత దగ్గరి మనిషైపోయాడు. మింగుడుపడనిది ఆర్థిక మంత్రి చేజ్ వ్యవహారమే. 1862 డిసెంబరులో సీవార్డ్‌ను తీసేయాలని సెనేటర్లు పట్టుబట్టారు. వాళ్ల చెవుల్లో ఊదింది చేజే. లింకన్ ఏం చేశాడంటే, సీవార్డ్ తప్ప మిగతా మంత్రుల్నీ ఆ సెనేటర్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. అందరి ముందూ చేజ్ నీళ్లు నమిలాడు. మర్నాడు రాజీనామా పట్టుకొస్తే లింకన్ దాన్ని లాక్కున్నంత పని చేశాడట! సీవార్డ్ రాజీనామా అప్పటికే చేతిలో ఉంది. రెండూ తిరస్కరించాడు. ఆ ఎత్తుకు భలే నవ్వొచ్చింది.

అంతా అయ్యాక 1864లో చేజ్ లింకన్‌కు పోటీగా అభ్యర్థి కావాలని చూశాడు. జూన్‌లో మళ్లీ రాజీనామా ఇస్తే ఈసారి ఆమోదించాడు. అదే మనిషిని డిసెంబరులో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌ని చేశాడు!

బానిసత్వ రద్దుకు, యుద్ధం కోసం అచ్చేసిన గ్రీన్‌బ్యాక్ నోట్లకు కోర్టులో అండగా ఉంటాడనా? పార్టీలోని రాడికల్స్‌ను, అంటే బానిసత్వంపై రాజీపడని వర్గాన్ని, చల్లబరచడానికా? తమాషా ఏమిటంటే 1870లో ఆ నోట్ల చట్టానికి వ్యతిరేకంగా తీర్పు రాసింది చేజే. ఆనాటి మంత్రుల డైరీలు, ఉత్తరాలు చదివినవాళ్లెవరైనా ఉంటే, మీకు ఏ కారణం బలంగా కనిపించిందో చెప్పగలరా?