మాక్రో చేసేది నకలా, మక్కికి మక్కా?

ఆదోని నుంచి:
మా పత్తి మండీలో రోజు చిట్టా అంతా ఎక్సెల్‌లోనే. నవంబరుకు ముప్పై షీట్లు. ఒక్కోటి కాపీ చేసి పేరు మార్చలేక చస్తుంటే మా పిల్లోడు మాక్రో, అంటే ఎక్సెల్ తనంతట తానే వరసగా చేసుకుపోయే ఆజ్ఞల పట్టీ, రాసిచ్చినాడు. ఆల్ట్ ఎఫ్8 నొక్కి రన్ అంటే నెలంతా తయారు. మొదట మొరాయించింది. షీటు పేరులో 01/11 అని ఏటవాలు గీత పెడితే ఎక్సెల్ ఒప్పుకోదంట, 01-11 అన్నాక నడిచింది. ఇంతకూ ఈ పనిని తెలుగులో ఏమనాల? "నకలు" అంటే పిల్లోడు నవ్వుతాడు.

కర్నూలు పాతబస్తీ నుంచి:
ఎందుకప్పా నవ్వేది? తాలూకాఫీసులో అడంగల్ నకలు అనే కదా అడిగేది. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, మన ఊళ్లకు పాత చుట్టం.

పత్తికొండ నుంచి:
నకిలీ కూడా ఆ ఇంటి బిడ్డే అన్నా, అదే చిక్కు. "ప్రతి" అందామంటే "ప్రతి షీటుకూ ప్రతి" అని నత్తి వస్తుంది. మా బళ్లో పిల్లోళ్లు "దించినాడు సార్" అంటారు. అది చాలదా?

ఆదోని నుంచి:
దించేవాడికి కన్నన్నా ఉంటుంది సార్. రెండో తారీకు షీటులో "ముందు నిల్వ" గడి ఒకటో తారీకు ఆఖరు నిల్వను పట్టుకునేట్టు ఫార్ములా పెట్టి, దాన్నే నమూనా చేసినాం. ముప్పయ్యో తారీకు షీటు కూడా ఒకటో తారీకునే చూస్తా ఉండాది! పైగా ఆ నమూనా షీటులోనే "వాన, కాటా లేదు" అని పక్కన రాసుకున్నా. ఇంక నెలాఖరు దాకా వానే.

కర్నూలు పాతబస్తీ నుంచి:
మాట దొరికె! మక్కికి మక్కి. మక్ఖీ అంటే ఈగ. పాత కాగితం మీద ఈగ చచ్చి అతుక్కోనుంటే, నకలు రాసే గుమాస్తా ఇంకో ఈగను పట్టి చంపి సరిగ్గా అదే చోట అంటించినాడంట. నీ వాన ఆ ఈగే.

పత్తికొండ నుంచి:
కథ బాగుంది గానీ ఆ మాటలో తిట్టుంది. గుమాస్తాకు తెలివుండీ వాడలేదు, మాక్రోకు ఎవరిచ్చినారు? గ్రీకులో మాక్రోస్ అంటే పొడుగని. ఒక్క పిలుపు వెనక పొడుగాటి ఆజ్ఞల వరస. ఆ వరసలో "ఈ గడులు తుడువు" అని ఇంకొకటి చేర్చుకోండి.

ఆదోని నుంచి:
చేర్చినాం సార్, క్లియర్‌కంటెంట్స్ అని. నిల్వ గడిలో ముందురోజు షీటు పేరు కూడా మాక్రోనే రాస్తుంది. పిల్లోడు దానికి "ఈగ" అని పేరు పెట్టినాడు. మా షావుకారు మాత్రం పొద్దున్నే వచ్చి "జిరాక్సులు తీసినావా?" అనే అడుగుతాడు.