ఈ-సిగరెట్ లిక్విడ్ సొంతంగా కలుపుకోవాలంటే ఏమేం కొనాలి?

రాజాం నుంచి, ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో:

అన్నలూ, అక్కలూ, నమస్తే. మాస్టర్స్ చదవడానికి వచ్చాను. ఊళ్లో ఉన్నప్పుడు రోజుకి అరపెట్టె సిగరెట్లు కాల్చే అలవాటు. ఇక్కడ పెట్టె పదిహేను పౌండ్ల పైమాటే, అందుకే పాడ్‌కి, అంటే చిన్న ఈ-సిగరెట్‌కి మారాను. అందులో పోసే లిక్విడ్ మనమే కలుపుకుంటే ఇంకా చవక అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక కిట్‌లో ఇరవై ఫ్లేవర్లు, ఇంకో దాంట్లో బీకర్లు, గరాటులు. మొదట ఏది కొనాలో చెప్పండి.

బొబ్బిలి నుంచి, ఇప్పుడు లీడ్స్‌లో:

తమ్ముడూ, ఇరవై ఫ్లేవర్ల కిట్ జోలికి వెళ్లకు. అందులో పదహారు మూలన పడి ఉంటాయి. మొదట్లో డబ్బు పెట్టాల్సింది తూకం మీద. 0.01 గ్రాము వరకూ చూపించే చిన్న డిజిటల్ కాటా, కనీసం 200 గ్రాములు మోసేది తీసుకో. కొనేముందు ఒక్కటి చూడు: తనంతట తాను ఆఫ్ అయ్యే సౌకర్యాన్ని ఆపుకునే వీలుందా లేదా. చవక కాటాలు కొన్ని నిమిషం తిరక్కుండానే ఆరిపోతాయి. సగం పోశాక ఆరిపోతే ఎంత పోశావో లెక్క పోయినట్టే, ఆ సీసా పారబోయాల్సిందే.

సిరంజిలతో కూడా కలపొచ్చు, చాలామంది అలాగే మొదలుపెడతారు. కానీ వీజీ, అంటే వెజిటబుల్ గ్లిజరిన్, పాకంలా చిక్కగా ఉంటుంది. సిరంజిలోకి లాగేసరికి గాలి బుడగలు, చేతులంతా జిగురు. కాటా మీద సీసా పెట్టి, సున్నా చేసి, పోసుకుంటూ పోవడం తేలిక. పోయడం ఆపినా సీసా మూతి నుంచి తీగ ఇంకా దిగుతూనే ఉంటుంది, అంకె పైకి జరుగుతూనే ఉంటుంది. అందుకని ఓ రవ్వ ముందే ఆపాలి. ఫ్యాన్ వేసి ఉంటే అంకె నిలబడదు, ఆపేసి కూర్చో.

ఇక సరుకు. వీజీ ఒక సీసా, పీజీ, అంటే ప్రొపిలిన్ గ్లైకాల్, ఒక సీసా. రెండూ ఫార్మా గ్రేడువే, అంటే మందుల్లో వాడేంత శుద్ధమైనవి. వీజీ పొగ దట్టంగా ఇస్తుంది, పీజీ రుచిని మోస్తుంది, గొంతులో తగిలినట్టు ఉంటుంది. నీది చిన్న పాడ్ కాబట్టి రెండూ సగం సగం చాలు. పీజీ కొందరికి పడదు. గొంతు మండినా, దద్దుర్లు వచ్చినా తగ్గించుకో.

నికోటిన్ విషయంలో మాత్రం ఆశపడకు. ఈ దేశంలో 2016 నిబంధనల ప్రకారం నికోటిన్ ఉన్న సీసా 10 మి.లీ.కి, బలం మి.లీ.కి 20 మి.గ్రా.కి మించి అమ్మకూడదు. షాపుల్లో నిక్ షాట్ పేరుతో దొరికేవి ఎక్కువగా 18 మి.గ్రా.వి. ఎక్కడి నుంచో 72 మి.గ్రా. డబ్బా తెప్పిస్తానని ఎవరైనా అంటే వద్దను. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది.

లెక్క ఇదిగో. 30 మి.లీ. లిక్విడ్, 6 మి.గ్రా. బలం, పీజీ వీజీ సగం సగం. సగం సగం బేస్‌లో ఉన్న 18 మి.గ్రా. నిక్ షాట్ ఒకటి, పూర్తిగా 10 మి.లీ. ఫ్లేవర్ పది శాతం, అంటే 3 మి.లీ., అదీ పీజీ లెక్కలోకే వస్తుంది. పీజీ 7, వీజీ 10. వీజీ మి.లీ.కి 1.26 గ్రాములు తూగుతుంది, పీజీ సుమారు 1.04. కాబట్టి కాటా మీద వీజీ 12.6, పీజీ 7.3 గ్రాములు. నిక్ షాట్‌ని తూచక్కర్లేదు, సీసా మొత్తం వంపేయడమే. అందుకే కొత్తవాళ్లకి నేను 30 మి.లీ. చెప్తాను: సగం వాడిన నికోటిన్ సీసా ఇంట్లో మిగలదు. 6 చాలక మళ్లీ సిగరెట్ మీదకి మనసు పోతుంటే రెండు షాట్లు వేసుకో, 12 అవుతుంది. అప్పుడు పీజీ 2, వీజీ 5 మి.లీ. సరిపోతాయి. కొద్దిగా పోసేవి ముందు, వీజీ ఆఖరున.

ఫ్లేవర్లు మూడు చాలు: ఒక పండు, ఒక మెంథాల్, ఒక కస్టర్డ్ లాంటిది. పళ్లవి రెండు మూడు రోజుల్లో వాడుకోవచ్చు. కస్టర్డ్, పొగాకు రుచులకి రెండు మూడు వారాలు చీకట్లో ఊరాలి. వేపింగ్ కోసం, అంటే ఈ-సిగరెట్లలో వాడడానికి అమ్మే, పీజీలో కలిపిన కాన్సన్‌ట్రేట్లే కొను. కేకుల ఎసెన్సు, నీలగిరి తైలం, లవంగ నూనె ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నూనె నాలుక మీద పడితే అరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. 2019లో అమెరికాలో ఎంతోమంది ఊపిరితిత్తులు పాడైనప్పుడు ప్రధానంగా తేలింది గంజాయి లిక్విడ్లలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్, అదీ నూనెలాంటిదే. వెన్న రుచి ఫ్లేవర్లలో డయాసిటైల్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకి చెడు చేసే రసాయనం, లేదని రాసి ఉందో లేదో చూడు.

నైట్రైల్ గ్లవ్స్, పిల్లలు తీయలేని మూతలున్న 30 మి.లీ. సీసాలు, టిష్యూలు, లేబుళ్లు. బీకర్లు అక్కర్లేదు. లేబుల్ మీద తేదీ, బలం, ఫ్లేవర్ శాతం రాయి. రేపు గుర్తుంటుందిలే అనుకోకు.

టెక్కలి నుంచి, ఇప్పుడు లెస్టర్‌లో:

అన్నయ్య చెప్పినవన్నీ సరే. నేను నర్సుని, రెండు మాటలు కలుపుతాను. మన తీరంలో ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, అంగిలి మీద మచ్చలు, పుళ్లు, కొందరికి కాన్సర్. పొగాకు కాలిస్తే ఏమవుతుందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాల్చడం మానడానికి పాడ్ పనికొస్తుంది. అలాగని అది నిరపాయం కాదు. నీ రూమ్మేట్లలో సిగరెట్ ముట్టనివాళ్లు ఉంటే సరదాకి కూడా ఇవ్వకు. మీ ప్రాంతంలో సిగరెట్ మాన్పించే ఉచిత సర్వీస్ ఉందేమో మీ జీపీని, అంటే మీ పేరు నమోదైన క్లినిక్ డాక్టర్‌ని అడుగు.

చిన్నపిల్లలున్న ఇంట్లో అద్దెకి ఉంటే నికోటిన్ ఫ్రిజ్‌లో జ్యూస్ పక్కన పెట్టకు, పెట్టెలో తాళం వేసుకో. చేతి మీద పడితే వెంటనే సబ్బుతో కడుగు. ఎవరైనా పిల్లవాడు మింగితే వాంతి చేయించకుండా అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చెయ్యి.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు పాడ్, లిక్విడ్ రెండూ ఇక్కడే వదిలెయ్. మన దేశంలో 2019 చట్టం ప్రకారం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషిద్ధం. దిగుమతికి మొదటిసారి దొరికితే ఏడాది వరకూ జైలు, లేదా లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. దారిలో సింగపూర్ దిగేవాళ్లు ఇంకా జాగ్రత్త, అక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం. ప్రయాణానికి గమ్, ప్యాచ్ కొనుక్కో.

బొబ్బిలి నుంచి, ఇప్పుడు లీడ్స్‌లో:

ఇంకొకటి, నీ పాడ్ మోడల్, కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్ట) మీద ఎన్ని ఓమ్‌లు రాసి ఉన్నాయో పెట్టు. సగం సగం లిక్విడ్ దానికి సరిపోతుందో లేదో చూసి చెప్తాను, అప్పటిదాకా సరుకు ఆర్డర్ పెట్టకు.